కాగితపు ఆది

రాయపూరు నగరమున పండరీ యనునది బట్టల బజారుగా పేరుపొందిన ప్రాంతము. పెండ్లి చీరలు మొదలు పరదా గుడ్డల వరకు అన్నియు అచ్చట టోకుగాను చిల్లరగాను దొరకును. చాంపా వైపు నేయు కోసా పట్టు కావలసినవారికి ఛత్తీస్‌గఢ్ హాట్ కూడ ఆ పేటలోనే కలదు. ఈ నగరమున తెలుగువారి నివాసము నేటిది కాదు. పార్వతీపురము మీదుగా విజయనగరమును రాయపూరుతో కలుపు రైలుమార్గము 1931లో పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢ్‌నకును రాకపోకలు సులభమైనవి. ఆ దారిని ఉద్యోగములతోడను కుటుంబములతోడను కొన్ని మాటలు కూడ ప్రయాణము చేసినవి. వానిలో ‘ఆది’ యనునది యొకటి.

పండరీలో రవికగుడ్డ కొని దర్జీ యొద్దకు పోయిన తెలుగు ఇల్లాలు సంచిలోనుండి పాత రవిక నొకదానిని తీసి బల్లపై పెట్టును. దర్జీ దానిని ‘నాప్’ అనును. ఆమె ‘ఆది’ అనును. కొలత కొరకు ఇచ్చు వస్త్రమే ఆది. టేపుతో కొలుచుటకంటె అది నమ్మకమైనదని ఆమె అనుభవము. మెడ ఎంత లోతుండవలెనో, చంక ఎంత బిగువుగా నుండవలెనో, చేయి ఎచ్చట ఆగవలెనో ఆ పాత రవికయే చెప్పును. దర్జీ దానిని తిరుగవేసి, మడిచి, క్రొత్తగుడ్డపై పరచి, సుద్దతో గీత గీసి కత్తెర వేయును. పని ముగిసిన పిదప ఆది ఆమె సంచిలోనికి తిరిగి పోవును. సుద్ద గీత మొదటి ఉతుకులోనే చెరిగిపోవును. ఆ కత్తిరింపునకు వేరొక ఆనవాలు మిగులదు.

పాశ్చాత్య దేశములలో ఈ ఆదియే కాగితమునకు ఎక్కి, కవరులో చేరి, నూట అరువది యేండ్లకు పైగా దుకాణములలో అమ్ముడుపోవుచున్నది. వానిలో ప్రసిద్ధులైన రూపకర్తల పేరుగలవి నేడు పాత నాణెములవలె, తపాలా బిళ్ళలవలె సేకరింపబడుచున్నవి. చూచుటకు అవి అల్పమైన వస్తువులు. ఉల్లిపొరవంటి కాగితపు ముక్కలు కొన్ని, కుట్టు విధానము తెలుపు పత్రమొకటి, పైన బొమ్మగల కవరొకటి. ఒకసారి వాడి పారవేయుటకై పుట్టిన ఈ కాగితమునకు వెల యెట్లు కలిగెను? ఆ వెలను ఎవరు ఏ లెక్కతో కట్టుచున్నారు? ఈ ప్రశ్నలకు సమాధానము కొంత అంగడిలోను, కొంత గ్రంథాలయములోను దొరకును. ఆ రెండు సమాధానములు ఒకటి కావు.

కత్తిరింపును కాగితముపై నిలుపవలెనను ఆలోచన మొదట దర్జీలకే కలిగినది. స్పెయిన్ దేశమున హువాన్ దె అల్సెగా యను దర్జీ 1580లో మాద్రిదు నగరమున ప్రకటించిన గ్రంథమున అంగరఖాలకు, గౌనులకు, మతాచార్యుల నిలువుటంగీలకు కావలసిన భాగములను గుడ్డపై ఎట్లు పేర్చవలెనో బొమ్మలు వేసి చూపినాడు. ఆయన ధ్యేయము అందము కాదు, పొదుపు. ఆ కాలమున కుట్టుకూలికంటె గుడ్డ వెల ఎక్కువ. తరువాత 1769లో ఫ్రాన్సున గార్సోల్ట్ దర్జీ విద్యపై మరియొక గ్రంథము వ్రాసెను. ఇవి తెలిసినవారు తెలిసినవారికొరకు వ్రాసినవి. అరచేతి యంత బొమ్మను మనిషి యంతగా పెంచి గీయుట ఇల్లాండ్రకు సాధ్యమగు పని కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున కుట్టుయంత్రము ఇండ్లలో ప్రవేశించుటతో పరిస్థితి మారినది. యంత్రము కుట్టగలదు గాని కత్తిరింపలేదు. కత్తిరింపు తెలియని ఇంటిలో యంత్రమున్నను ఏమి లాభము? న్యూయార్కున మేడమ్ డెమొరెస్టు 1860 ప్రాంతమున పలుచని కాగితపు ఆదులను అమ్మించెను. కాని అవి ఒకే కొలతవి. కొన్న స్త్రీ తన దేహమునకు తగినట్లు తానే పెంచుకొనవలెను, తగ్గించుకొనవలెను. ఈ లోపమును తీర్చినవాడు మాసచూసెట్స్ రాష్ట్రమునందలి స్టెర్లింగ్ గ్రామపు దర్జీ ఎబినీజర్ బటరిక్. బిడ్డకు గౌను కత్తిరించుచు భార్య ఎలెన్ పడిన అవస్థయే ఆయనకు ఈ యూహ కలిగించినదని చెప్పుదురు. అన్ని పెద్ద వ్యాపారములకును ఇటువంటి కథ యొకటి ఉండనే యుండును. ఏమైనను 1863లో ఆయన ఒకే రూపమును పలు కొలతలలో కత్తిరించి అమ్మసాగెను. ఆ సంస్థ 1873లో ‘డెలినియేటర్’ అను పత్రికను ప్రారంభించి, తన ఆదులను దూరపు పల్లెలలోని ఇండ్లకు సైతము పరిచయము చేసినది. స్కాట్లండు నుండి వచ్చిన జేమ్స్ మెకాల్ అను దర్జీ 1870లో న్యూయార్కున పోటీగా నిలిచెను.

ఆ తొలినాటి కాగితములపై అచ్చు ఉండెడిది కాదు. ఎచ్చట మడువవలెనో, ఎచ్చట డార్టు వేయవలెనో, ఏ భాగము ఏ భాగముతో కలియవలెనో తెలుపుటకు చిన్న రంధ్రములు, అంచున గాట్లు మాత్రమే ఉండెడివి. గుండ్రని రంధ్రమునకు ఒక అర్థము, చతురస్రమునకు మరియొకటి. 1920 ప్రాంతమున మెకాల్ సంస్థ గీతలను, మాటలను కాగితముపైననే అచ్చువేయు పద్ధతిని తెచ్చినది. తక్కిన సంస్థలు చాలకాలము రంధ్రముల పద్ధతినే అనుసరించినవి. ఇప్పుడు పాత కవరు చేతికి దొరకినవారు మొదట లోపలి కాగితమును వెలుతురునకు ఎత్తి చూచుట ఇందులకే.

రూపకర్తల పేర్లు కవరుపైకి వచ్చుట మరియొక కథ. ‘వోగ్’ పత్రిక 1899లో తన మొదటి ఆదిని ప్రకటించెను. పాఠకురాలు పత్రికలోని కూపనును కత్తిరించి యాబది సెంట్లతో పంపినచో ఆది తపాలాలో వచ్చెడిది. పారిస్ రూపకర్తల పేర్లను తొలుత విరివిగా వాడుకొన్నవారిలో 1920లనాటి మెకాల్ సంస్థ ముఖ్యమైనది. ఆ తరువాత 1949లో వోగ్ ఆదుల సంస్థ ‘పారిస్ ఒరిజినల్’ అను శ్రేణిని ఆరంభించినది. బాల్మె, ఫాత్, స్కియాపరెల్లి మొదలగువారి వస్త్రములను వారి అనుమతితోనే కాగితమునకు ఎక్కించినది. కవరుతో పాటు, కుట్టిన గౌనులో లోపల వేసికొనుటకు నేసిన గుర్తుగుడ్డ కూడ ఇచ్చెడిది. ఇంటిలో రాత్రివేళ దీపము క్రింద కుట్టుకొన్న గౌను మెడ వెనుక పారిస్ మాట నిలిచెడిది. దీనిని చూచి నవ్వుకొన్నవారును ఉండియుందురు. కాని ఆ గుర్తుగుడ్డ అబద్ధము చెప్పలేదు. కత్తిరింపు పారిస్‌దే, కష్టము మాత్రము ఆమెది. అమెరికాలో స్పడియా యను సంస్థ 1950 నుండి ఇదే పనిని వార్తాపత్రికల ద్వారా, తపాలాతో సాగించెను.

పేరుగల ఆదికి నిజమైన విలువ ఏమిటో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1965లో ఈవ్ సాన్ లోరాన్ తన శరత్కాలపు వస్త్రములలో డచ్చి చిత్రకారుడు మోండ్రియన్ చిత్రములను అనుసరించి కొన్ని గౌనులు రూపొందించెను. తెల్లని, ఎఱ్ఱని, నీలపు, పసుపు చతురస్రములు, వాని నడుమ నల్లని పట్టీలు. ఫొటోలో చూచినచో గోనెసంచివలె తిన్నగా దిగిన గుడ్డపై రంగులద్దినట్లు కనబడును. అది రంగు కాదు. ప్రతి రంగు వేరు ముక్క, ప్రతి గీత ఒక కుట్టు. స్త్రీ దేహము పలక కాదు గదా. ఛాతీకి ఎత్తు, నడుమునకు పల్లము కావలెను. సామాన్యముగా అందుకై డార్టులు వేయుదురు. డార్టు వేసినచో ఆ చతురస్రము చెడిపోవును. సాన్ లోరాన్ ఆ వంపులను నల్లని పట్టీల కుట్లలోనే దాచెను. 1966లో వోగ్ పారిస్ ఒరిజినల్ శ్రేణిలో 1557 సంఖ్యతో ఆ గౌను ఆది వెలువడినది. తిన్నని గీతగా కనబడునది నిజమునకు కొద్దిగా వంగియున్నదని గౌనును అద్దపు పెట్టెలో చూచినవానికి తెలియదు. ఆ ముక్కలను బల్లపై పరచిన కుట్టుపనివానికి వెంటనే తెలియును. ఫొటో రూపమును చూపును. ఆది ఉపాయమును చూపును. ఈ 1557 సంఖ్యగల కవరునకు సేకర్తలలో గల గిరాకీకి సాన్ లోరాన్ పేరు ఒక కారణము మాత్రమే.

ఇక వెల కట్టు విధము. సేకర్త మొదట చూచునది కవరుపై బొమ్మ కాదు, లోపలి మడతలు. కర్మాగారమున యంత్రము వేసిన మడతలు విప్పకుండ, కత్తెర తగులకుండ ఉన్న ఆదికి ఎక్కువ వెల పలుకును. కత్తిరించినదైనచో ముక్కలను లెక్కపెట్టవలెను. కుట్టు పత్రమునందు ప్రతి ముక్కకు అక్షరమో అంకెయో ఉండును. దానితో సరిచూచిన గాని కొనరాదు. కాలరు ముక్కయో జేబు ముక్కయో పోయినచో వెల సగమునకు దిగుటయు కలదు. గుర్తుగుడ్డ మిగిలియున్నచో అది అదృష్టము. తరువాత కొలత. చిన్న కొలతలకంటె పెద్ద కొలతలకు గిరాకీ ఎక్కువ. ఏలయనగా కొనువారిలో దాచుకొనువారే కాక కుట్టుకొని ధరించువారును ఉన్నారు. ఇచ్చట తెలియనివారు మోసపోవు చోటు ఒకటి కలదు. 1967, 1968 సంవత్సరములలో అమెరికా సంస్థలు కొలతల సంఖ్యలను మార్చినవి. అంతకు పూర్వము 12 సంఖ్యగల ఆది 32 అంగుళముల ఛాతీకి. ఆ తరువాత అదే సంఖ్య 34 అంగుళములకు. కాబట్టి సంఖ్యను కాక అంగుళములను చదువవలెను.

కాలనిర్ణయము కూడ సులభము కాదు. కొన్ని సంస్థలు సంవత్సరమును అచ్చువేసినవి, పెక్కు సంస్థలు వేయలేదు. నిన్నటి ఆదియని తెలిసిన వస్తువును నేడెవరు కొందురు? కావున అచ్చువేసిన ధర, కార్యాలయపు చిరునామా, అక్షరముల తీరు, సంఖ్యల వరుస, నాటి పత్రికలలోని ప్రకటనలు, వీనినన్నిటిని కలిపి సేకర్తలు తేదీని నిర్ణయించుచున్నారు. శాసనముల లిపి చూచి కాలము చెప్పు పండితుని పనికిని దీనికిని పెద్ద భేదము లేదు.

అంగడి లెక్క ఇది: వాడనిదే విలువైనది. ఈ లెక్కలో ఒక వింత యున్నది. ఎవరికిని ఉపయోగపడక అడుగున పడియున్న ఆదికి పట్టము. నలుగురు అక్కచెల్లెండ్రకు గౌనులు కుట్టి, అంచులు నలిగి, గుండుసూదుల రంధ్రములు పడి, ‘నడుము ఒక అంగుళము వదులు’ అని పెన్సిలుతో వ్రాసియున్న ఆదికి తక్కువ వెల. ఈ తీర్పును గ్రంథాలయము అంగీకరించుట లేదు. న్యూయార్కున నాటకముల దుస్తులు కుట్టుటలో, వాని చరిత్ర పరిశోధించుటలో పేరుగాంచిన బెట్టీ విలియమ్స్ అను ఆమె పాత ఆదులను ప్రోగుచేసెను. గత కాలపు పాత్రకు దుస్తులు కుట్టువానికి బొమ్మ చాలదు, కత్తిరింపు కావలెను. ఆమె సేకరణకు మూలము ఆ అవసరమే. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయమునందలి వాణిజ్య ఆదుల భాండాగారమునకు ఆ సేకరణయే మూలధనమైనది. దానిని పెంచి పోషించినది అచ్చట నాటక విభాగమున బోధించిన జాయ్ స్పానబెల్ ఎమరీ. కాగితపు ఆదుల పరిశ్రమ చరిత్రను ఆమె 2014లో గ్రంథముగా వెలువరించినది. 1868 మొదలు వెలువడిన ఆదులు ఆ భాండాగారమున యాబది వేలకు మించి యున్నవి. అచ్చట కవరు బొమ్మతోపాటు ముక్కల ఆకారమును కూడ పట్టికలో ఎక్కించుదురు. పెన్సిలు వ్రాతను చెరిపివేయరు. ఏ గౌనును నిజముగా కుట్టుకొన్నారో, దేనిని కుట్టుకొనక దాచియుంచిరో చెప్పగల సాక్ష్యము అదియే గదా!

ఇక మనవైపు చూచినచో, మన స్త్రీల ప్రధాన వస్త్రమునకు ఇట్టి కవరు అక్కరలేకపోయెను. చీర మగ్గము నుండి దిగునప్పటికే వస్త్రము. దానికి కత్తెర లేదు, సూది లేదు. ఈ విషయమును బాగుగా గ్రహించి లాభము పొందజూచినవాడు లండనునందలి ఇండియా మ్యూజియము అధిపతి జాన్ ఫోర్బ్స్ వాట్సన్. ఆయన 1866లో భారతదేశపు బట్టల నమూనాలను 700 ఎన్నిక చేసి, 18 సంపుటములలో అతికించి, అట్టి ప్రతులు 20 సిద్ధపరచెను. అనగా పదునాలుగు వేల గుడ్డముక్కలు. మద్రాసు రాజధానిలో నేసిన తలపాగాలు, చేతిరుమాళ్ళు, చీరల అంచులు కూడ వానిలో చేరినవి. ప్రతి ముక్క క్రింద నేసిన ఊరు, పొడవు, వెడల్పు, తూకము వ్రాయించెను. 13 ప్రతులు మాంచెస్టరు, గ్లాస్గో, ప్రెస్టన్ మొదలగు బ్రిటిషు పట్టణములకు, 7 ప్రతులు మన దేశమునకు. బ్రిటిషు మిల్లులవారు భారతీయులు కట్టుకొను బట్ట యెట్టిదో తెలిసికొని అట్టిదే నేసి అమ్మవలెనన్నది ఆయన బాహాటముగా చెప్పిన ఉద్దేశము. కుట్టని దేశపు ఆదులు ఆ సంపుటములే. నమూనా ఇచ్చిన నేతగానికి దక్కినదేమి? ముక్క క్రింద ఊరి పేరున్నది గాని నేసినవాని పేరు లేదు. ప్రెస్టన్ పట్టణపు హారిస్ మ్యూజియమున ఒక ప్రతి నేటికిని భద్రముగా నున్నది. పోటీకై కత్తిరించిన గుడ్డ నేడు నేత చరిత్రకు ఆధారమైనది.

అంతకు ముందే మచిలీపట్టణము మొదలుగాగల తూర్పు తీరపు అద్దకపు బట్టలు ఐరోపాలో గౌనులై, లంగాలై, నిలువుటంగీలై యుండెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686 నుండి 1759 వరకు ఆ బట్టను నిషేధించినను దాని మోజు తీరలేదు. అట్టి గౌను మ్యూజియమునకు వచ్చినప్పుడు బట్ట ఏ తీరమున పుట్టినదో రంగు చెప్పును. ఏ దశాబ్దమున కుట్టబడినదో కత్తిరింపు చెప్పును. విప్పి మరల కుట్టిన గుర్తులున్నచో తల్లి గౌను కుమార్తెకు వచ్చినదని కూడ ఊహింపవచ్చును.

ఇరువదవ శతాబ్దమున రవిక సర్వసామాన్యమైనది. 1935లో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా కుట్టుయంత్రములను చేయనారంభించిన పిదప అవి క్రమముగా మధ్యతరగతి ఇండ్లకు చేరినవి. అయినను కవరులోని ఆది మన అంగళ్ళలో నిలువలేదు. వీథి మలుపున దర్జీ యుండగా, ఇంట ఆది రవిక యుండగా కాగితము కొనునదెవరు? కాగితము దర్జీ దుకాణమున వేరు రూపమున నిలిచినది. కాలరు వంపునకు, మెడ తీరులకు కత్తిరించిన అట్టముక్కలు గోడమేకునకు గుత్తిగా వ్రేలాడుచుండును. పెద్ద దర్జీ చేతినుండి శిష్యునికి దిగునది ఆ గుత్తియే. దుకాణము మూతపడిన నాడు అది చిత్తుకాగితముల తూకములోనికి పోవును.

మరియొక చోట కూడ మన కాగితపు ఆదులు కలవు. ఆంధ్రదేశమున ప్రభుత్వము జరుపు కుట్టుపని లోయరు, హయ్యరు పరీక్షలకు చదివిన బాలికలు రవిక, లంగా, పసిపిల్లల గౌను, చొక్కా వీని ముక్కలను చిన్న కొలతలో గీసి, కత్తిరించి, రికార్డు పుస్తకములలో అతికించిరి. ప్రతి పుటలో కొలతలు, ప్రక్కన లెక్క. పరీక్ష ముగియగా ఆ పుస్తకము పెట్టె అడుగునకు చేరెను. ఇల్లు మారునప్పుడు పారవేయు వస్తువులలో మొదటిది అయ్యెను. బదిలీల ఉద్యోగముగల కుటుంబములలో ఈ సంగతి చెప్పనక్కరలేదు. పారిస్ రూపకర్త పేరు దానిపై లేదు. కాని ఆ కాలమున మెడ ఎంత లోతున్నదో, చేయి మోచేతి వరకు దిగినదో పైననే ఆగినదో తెలిసికొనుటకు దానికంటె నమ్మదగిన సాక్ష్యము వేరొకటి దొరకదు. ఫొటోలో పమిట కప్పియున్న చోటును కూడ అది చూపును.

అట్టి పుస్తకము ఏ ఇంటనైన మిగిలియున్నచో దాచుట కష్టము కాదు. జిగురుటేపు అంటింపరాదు, అది ఏండ్లు గడచిన కొలది కాగితమును పసుపుపచ్చగా చేసి తినివేయును. ఇనుప గుండుసూదులు, పిన్నులు తీసివేయవలెను. తేమ తగులని చోట, ఎండ పడని చోట పెట్టవలెను. వ్రాసిన వారి పేరు, ఊరు, సంవత్సరము మెత్తని పెన్సిలుతో ఒక మూల వ్రాయవలెను. కుట్టుకొనదలచినవారు దానికి నకలు తీసికొని నకలునే కత్తిరింపవలెను.

అమెరికాలో 2017 నాటికి బటరిక్, మెకాల్, వోగ్, సింప్లిసిటీ అను నాలుగు పేర్ల ఆదులును ఒక్క సంస్థ చేతిలోనికి చేరినవి. ఒకనాడు ఒకదానితో ఒకటి పోటీపడిన కవరులు ఒకే గూటినుండి వెలువడినవి. సిద్ధమైన దుస్తులు చౌకయగు కొలది ఇంట కుట్టువారు తగ్గిరి. పండరీలో కూడ కుట్టి వ్రేలాడదీసిన రవికలు నేడు కొల్లలుగా దొరకుచున్నవి. అయినను అచ్చట దర్జీ బల్లపైకి ఆది రవికలు ఇంకను వచ్చుచునే యున్నవి. అట్టిదానిని తిరుగవేసి చూచినచో ప్రక్కకుట్టు వెంబడి లోపల విడిచిన గుడ్డపై రెండు మూడు వరుసల కుట్టు జాడలు కనబడును. ఒకటి పెండ్లినాటిది, ఒకటి తొలి కాన్పు పిదప విప్పి వదులు చేసినది, మరియొకటి జబ్బుపడి చిక్కిన యేడు మరల లోనికి తెచ్చినది. దర్జీ ఆ మూడింటిని చూచి, ఏ కుట్టు ప్రకారము కత్తిరింపవలెనో ఆమెను అడిగి, సుద్ద చేతికి తీసికొనును.